పాప్ స్మియర్ నార్మల్ అన్నారు, ఇప్పుడు గర్భసంచి క్యాన్సర్ అంటున్నారు. పరీక్ష వల్లే పాకిందా?

గాజువాక_కోడలు
మా అత్తయ్యకి 59. నెలసరి ఆగిపోయి చాలా ఏళ్ళయింది. షుగరు, బీపీ ఉన్నాయి, మనిషి కాస్త లావు. పోయిన ఏడాది మా పేటలో క్యాంపు పెడితే నేనే బతిమాలి తీసుకెళ్ళి పాప్ స్మియర్ చేయించాను. రిపోర్టు నార్మల్ వచ్చింది, ఇంక ఆ దిగులు లేదనుకున్నాం. దసరా ముందు నుంచి అప్పుడప్పుడూ చీరకి మరకలు అవుతున్నాయంది. దగ్గర్లో ఒకచోట చూపిస్తే ఆ పాప్ రిపోర్టు తిరగేసి, "క్యాన్సర్ లేదని ఇందులోనే ఉంది కదమ్మా, వయసుకి లోపల పొడిబారి అలా అవుతుంది" అని రక్తం ఆగే మాత్రలు రాసి పంపేశారు. సంక్రాంతి పనుల్లో ఉండగా ఒక్కసారిగా బాగా పోయింది. అప్పుడు స్కాన్ తీస్తే లోపలి పొర 17 ఎంఎం ఉంది. ముక్క తీసి పంపితే ఎండోమెట్రియాయిడ్ అడినోకార్సినోమా, గ్రేడ్ 1 అని వచ్చింది. ఎమ్మారైలో కండరంలోకి సగం కంటే లోతుగా దిగిందని రాశారు.

క్యాన్సర్ పరీక్ష నార్మల్ అయ్యాక క్యాన్సర్ ఎలా వచ్చింది? అది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ మా ఆడపడుచు మాట. "బాగున్న మనిషిని తీసుకెళ్ళి లోపల గీకించావు, అందుకే పాకింది" అని అందరి ముందూ అనేసింది. అత్తయ్య నన్నేమీ అనలేదు, కానీ ఆపరేషన్ తప్ప ఇంకే పరీక్షా చేయించుకోనంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, దణ్ణం పెడతాను.

సింహాచలం_మెట్లు
మీరు చెయ్యాల్సిన పనే చేశారు. మంచి చేసిన మనిషి మీదే నింద పడటం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ముందు అన్నం తినండి, నిద్రపోండి. ఆపరేషన్ అయ్యాక ఆవిడ పక్కన ఉండాల్సింది మీరే.

ఎన్ఏడీ_జంక్షన్
నార్మల్ అని రిపోర్టు ఇచ్చిన ల్యాబుని వదలకూడదు. వినియోగదారుల ఫోరంలో వెయ్యండి. ఇలాంటివాళ్ళ వల్లే జనం ప్రాణాల మీదికి వస్తోంది.

గాజు_పలక
@ఎన్ఏడీ_జంక్షన్ కాస్త ఆగండి. నేను సైటాలజీ (కణాల పరీక్ష) ల్యాబులో పనిచేస్తాను, రోజూ చూసేది ఈ స్లైడ్లే. ల్యాబు తప్పు ఉండాల్సిన అవసరమే లేదు ఇక్కడ.

పాప్ స్మియర్‌లో తీసేది గర్భసంచి ముఖద్వారం దగ్గరి కణాలు. చెక్క గరిటె లాంటిదో చిన్న బ్రష్షో పెట్టి ఆ అంచు చుట్టూ తిప్పుతారు, అంతే. అక్కడ వచ్చే క్యాన్సర్ దాదాపు అన్నిసార్లూ హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, ముదరడానికి పదేళ్ళు, అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ పదేళ్ళలో కణాలు మారుతుండగానే పట్టుకోవడానికి డాక్టర్ పాపనికోలావ్ కనిపెట్టిన పరీక్ష ఇది. మీ అత్తగారికి వచ్చింది పైన సంచి లోపలి పొరలో, అంటే ఎండోమెట్రియంలో. దానికీ ఆ వైరస్‌కీ సంబంధం లేదు. హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఇది దొరికేది కాదు.

వీధి గుమ్మం చూసి వచ్చినవాడు పెరటి గదిలో చూరు కారుతోందో లేదో చెప్పలేడు. ఒక్కోసారి ఆ నీళ్ళు గుమ్మం దాకా వస్తాయి, అప్పుడు తెలుస్తుంది. అలాగే పై పొర నుంచి రాలిన కణాలు కిందికి జారి మా స్లైడు మీద పడితే మేం రాస్తాం. ఎండోమెట్రియల్ క్యాన్సర్ ఉన్నవాళ్ళకి పాప్ తీస్తే సగానికి పైగా నార్మల్‌గానే వస్తుంది. గ్రేడ్ 1 లాంటి నెమ్మది రకాల్లో మరీను. సీరస్ అని ఒక మొండి రకం ఉంది, అందులో మాత్రం స్లైడు మీద ఎక్కువగా దొరుకుతాయి.

ఎన్ఏడీ_జంక్షన్
సరే, నాకు తెలియని సంగతి. కానీ ఆ రిపోర్టు మీద "ఇది గర్భసంచి లోపలి క్యాన్సర్‌కి పరీక్ష కాదు" అని ఒక్క ముక్క తెలుగులో రాస్తే పోయేదేముంది? జనం "క్యాన్సర్ పరీక్ష" అనే అనుకుంటారు కదా. ఆ డాక్టరుకైనా తెలియాలి కదా.

గాజు_పలక
ఆ మాటకి నేను అడ్డు చెప్పను. తెలుగులో రాయాలి. క్యాంపు మైకులో కూడా చెప్పాలి. నా కోపం కూడా రిపోర్టు ఇచ్చినవాళ్ళ మీద కాదు, రక్తం కనిపిస్తున్న మనిషికి పాత పాప్ రిపోర్టు చూపించి పంపేసినవాళ్ళ మీద. స్క్రీనింగ్ అనేది ఏ బాధా లేని మనిషికి చేసేది. మరక కనిపించిందంటే ఇంక అది స్క్రీనింగ్ కాదు, దానికి వేరే పరీక్షలు ఉన్నాయి.

ఇంకో చిన్న సంగతి. 45 దాటిన మనిషి స్లైడులో ఎండోమెట్రియల్ కణాలు కనిపిస్తే, అవి మామూలుగా ఉన్నా సరే, రిపోర్టులో రాయాలని బెథెస్డా పద్ధతిలో (పాప్ రిపోర్టులు రాసే పద్ధతి) నియమం ఉంది. నెలసరి ఆగినవాళ్ళకి అవి అక్కడ ఉండకూడదు కాబట్టి. పాత రిపోర్టు తీసి అలాంటి వాక్యం ఏమైనా ఉందేమో చూడండి. "ఎటిపికల్ గ్లాండ్యులర్ సెల్స్" (తేడాగా కనిపించే గ్రంథి కణాలు) అన్నా అంతే, వదిలెయ్యకూడదు.

గాజువాక_కోడలు
ఇప్పుడే తీసి చూశాను. "నెగటివ్ ఫర్ ఇంట్రాఎపిథీలియల్ లీజన్ ఆర్ మాలిగ్నెన్సీ" అని ఉంది. కింద "ఎట్రోఫిక్" అని ఉంది. ఇంకేం లేదు.

గాజు_పలక
అయితే స్లైడులో ఉన్నదే రాశారు. మొదటి వాక్యానికి అర్థం, క్యాన్సర్ గానీ దాని ముందు మార్పులు గానీ కనపడలేదని. ఎట్రోఫిక్ అంటే వయసుకి తగ్గట్టు పొర పలచబడింది అని. తప్పు పట్టడానికేం లేదు.

భీమిలి_దొడ్డమ్మ
మీరు చదువుకున్నోలు ఎన్నైనా చెప్తారు. కత్తి తగిలితే ఆ రోగం పాకుద్దని మా అమ్మా చెప్పీది, మా అమ్మమ్మా చెప్పీది. ఊరికే పుట్టిందేటి ఆ మాట? ముట్టుకోనంతకాలం ముసిల్ది తిరుగుతాది, ముట్టుకున్నాక మంచం ఎక్కుతాది. నా కళ్ళతో చూసినాను.

కంచరపాలెం_కుర్రాడు
దొడ్డమ్మా, కళ్ళజోడు పెట్టుకుని ఇంత పెద్ద పోస్టులన్నీ చదివి జవాబు రాస్తున్నారు, ముందు దానికి మీకు దండం.

కానీ అమ్మమ్మల కాలంలో ఆసుపత్రికి వెళ్ళిందే ఆఖర్న కదా. ఒళ్ళంతా అల్లుకున్నాక వెళ్ళేవారు, కత్తి పడేది, పోయేవారు. చంపింది ఆలస్యం, పేరు కత్తికి వచ్చింది.

వార్డు_రౌండ్స్
గైనిక్‌లో పనిచేస్తున్న డాక్టర్ని. రాత్రి డ్యూటీలో ఉన్నాను, మధ్యమధ్యలో రాస్తున్నాను, అతుకులు అతుకులుగా ఉంటే సర్దుకోండి.

@గాజువాక_కోడలు ముందు మీ ఆడపడుచుకి చెప్పాల్సిన మాట. పాప్ స్మియర్ బ్రష్షు మీ అత్తగారి గడ్డ ఉన్న చోటుకి వెళ్ళనే లేదు. కింద ముఖద్వారం అంచు తాకి వచ్చింది. తాకని గడ్డని అది పాకించలేదు.

మరి ఎలా పాకింది? ఈ క్యాన్సర్ పొరలో పుట్టి, వదిలేస్తే తన దారిన తనే నడుస్తుంది. మొదట గర్భసంచి కండరంలోకి దిగుతుంది. సగం లోపు దిగితే 1ఏ, సగం దాటితే 1బీ. అక్కణ్ణుంచి కిందికి జారి ముఖద్వారం లోపలి కణజాలాన్ని పట్టుకుంటే స్టేజ్ 2. పైకి ట్యూబుల వైపు, అండాశయాల మీదికి, లేదా పొత్తికడుపులోని, వెన్ను పక్కన పెద్ద రక్తనాళం వెంట ఉన్న లింఫు గ్రంథుల్లోకి చేరితే స్టేజ్ 3. మూత్రాశయం, పేగు లోపలి పొరల్లోకో ఊపిరితిత్తుల లాంటి దూరపు చోట్లకో వెళ్ళితే 4. ఇది 2009 నాటి ఫిగో (అంతర్జాతీయ గైనిక్ డాక్టర్ల సమాఖ్య) లెక్క. 2023లో కొత్తది వచ్చింది, అందులో గడ్డ రకాన్నీ జన్యు లక్షణాల్నీ కూడా కలిపారు, కానీ చాలా రిపోర్టుల్లో మీకు పాతదే కనపడుతుంది. మీరు రాసిన ఎమ్మారై ప్రకారం మీ అత్తగారిది గర్భసంచి లోపలే ఉన్నట్టుంది. ఖాయం చేసేది మాత్రం ఆపరేషన్‌లో తీసిన భాగం మీది రిపోర్టే.

దసరా నుంచి సంక్రాంతి దాకా పోయిన కాలం గురించి అడిగితే, అది నష్టమే, కాదనను. కానీ గ్రేడ్ 1 నెమ్మదిగా నడిచే రకం. గర్భసంచి దాటకముందు దొరికినవాళ్ళలో దాదాపు 95 శాతం మంది ఐదేళ్ళ తర్వాత బతికే ఉంటున్నారని అమెరికా లెక్కలు చెప్తున్నాయి. ఈ మాట మీ అత్తగారికి తప్పకుండా చెప్పండి.

భీమిలి_దొడ్డమ్మ
పాపు సంగతి ఒగ్గీ. మరి ముక్క తీసినారు కదా, అది గడ్డని తాకినట్టే కదా? నీళ్ళెట్టి కెమేరా దూర్చుతారంట, ఆ నీళ్ళతో కడుపులోకి పోదా?

వార్డు_రౌండ్స్
దొడ్డమ్మా, ఇది మంచి ప్రశ్న. డాక్టర్లు కూడా ఇదే ప్రశ్న మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

ముక్క తీసే పైపెల్ అనేది సన్నటి ప్లాస్టిక్ గొట్టం, దాదాపు 3 ఎంఎం ఉంటుంది. ఓపీలోనే, మత్తు లేకుండా చేస్తాం. నెలసరి నొప్పిలాంటిది వస్తుంది, పోతుంది. దానివల్ల రోగం ముదిరిందని ఎక్కడా తేలలేదు. హిస్టెరోస్కోపీలో, అంటే మీరన్న కెమేరా పరీక్షలో, సంచిని సెలైన్‌తో నింపుతాం కాబట్టి కొన్ని కణాలు ట్యూబుల గుండా కడుపులోకి వెళ్ళే వీలుంది, ఆపరేషన్‌లో కడుపు కడిగిన నీళ్ళలో అవి కొందరికి దొరుకుతాయి కూడా. అయితే అలా దొరికినంత మాత్రాన ఆ మనుషులు తొందరగా పోవడం లేదని చూశారు. నీళ్ళలో కణాలున్నాయని స్టేజి పెంచే పద్ధతిని 2009లో తీసేశారు. కడుపులోకి జారిన ప్రతి కణం అక్కడ నాటుకోదు.

ఆ ముక్క తియ్యకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. క్యాన్సర్ అని తెలియకుండా మామూలు ఆపరేషన్ చేసేస్తారు. గ్రంథులు చూడరు, అండాశయాలు ఉంచేస్తారు. తర్వాత రిపోర్టులో బయటపడితే మళ్ళీ పొట్ట తెరవాలి.

భీమిలి_దొడ్డమ్మ
అలగైతే మా తోటికోడలి సంగతేటి? గర్భసంచిలో కణితి ఉందని కడుపుకి కన్నాలెట్టి, లోపలే తురిమీసి తీసీసారు. మంచిదే, మామూలు కణితే అన్నారు. ఏడాది తిరక్కుండా కడుపంతా అల్లుకుపోనాది. నాను చూసినాను కాబట్టే చెప్తున్నాను.

వార్డు_రౌండ్స్
మీరు చెప్పింది నిజమే అయ్యుంటుంది, దొడ్డమ్మా. ఆవిడ విషయంలో మీరు కత్తిని అనుమానించడంలో అన్యాయం లేదు.

లోపలే తురిమి తీసే యంత్రం పేరు మోర్సలేటర్. కణితి అనుకున్నది కొద్దిమందిలో సార్కోమా అనే వేరే క్యాన్సర్ అవుతుంది. దాన్ని తురిమితే ముక్కలు కడుపంతా చల్లినట్టే. 2014లో అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ఎఫ్‌డీఏ దీని మీద గట్టి హెచ్చరిక చేసింది. కణితులకి ఆపరేషన్ అయినవాళ్ళలో సుమారు 350 మందికి ఒకరికి తెలియని సార్కోమా ఉండొచ్చని అప్పట్లో లెక్క కట్టింది. ఇప్పుడు తురమాల్సి వస్తే సంచిలో పెట్టి తురమాలంటారు, నెలసరి ఆగినవాళ్ళకి అసలు వద్దంటారు.

అందుకని గడ్డని పగలగొట్టడం వేరు, నమూనా తియ్యడం వేరు. మీ తోటికోడలికి జరిగింది మొదటిది. ఈ అమ్మాయి అత్తగారికి జరిగింది రెండోది.

భీమిలి_దొడ్డమ్మ
ఇన్నాళ్ళకి ఒకలు సరిగ్గా చెప్పినారు. పాపం, దానికి ఇద్దరు గుంటలు అప్పటికి. నాకూ అక్కడే మనసు ఉండిపోనాది.

సింహాచలం_మెట్లు
😔 దొడ్డమ్మా...

ఆశా_పెందుర్తి
నేను ఆశా వర్కర్ని. మా పరీక్షల గురించి కూడా ఒక మాట రాయనివ్వండి. మేం 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళని ఐదేళ్ళకోసారి పీహెచ్‌సీకి తీసుకెళ్తాం. అక్కడ చాలాచోట్ల పాప్ కాదు, వీఐఏ చేస్తారు. పలచటి వెనిగర్ నీళ్ళు ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లమచ్చ తేలితే పైకి పంపుతారు. పూతలాంటిదే, గీకేదేమీ ఉండదు. అయినా రమ్మంటే రారు. "నాకేం రోగం" అంటారు, "మగ డాక్టరున్నాడా" అంటారు, పక్కింటావిడ వస్తే వస్తానంటారు. ఒకావిడ కోసం కల్లం దాకా వెళ్ళి కూర్చున్నాను.

ఈ చర్చ చదివి ఇంకా మానేస్తారేమోనని భయంగా ఉంది. ఇది పనికిరాని పరీక్ష అనుకోకండి.

వార్డు_రౌండ్స్
@ఆశా_పెందుర్తి మీలాంటివాళ్ళు లేకపోతే మా దగ్గరికి స్టేజ్ 3 ముఖద్వార క్యాన్సర్లే వస్తాయి. ఎవరూ మానొద్దు. మన దేశంలో ఆడవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది ముఖద్వారానిదే. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2009లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో ఆ చావులు సుమారు సగానికి తగ్గాయి. ఒక్కసారికే.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. నెలసరి ఆగాక మార్పులు వచ్చే ఆ అంచు ముఖద్వారం లోపలికి ముడుచుకుపోతుంది, వెనిగర్ పెట్టినా కంటికి కనపడదు. ఆ వయసువాళ్ళకి వీఐఏ సరిపోదు, హెచ్‌పీవీ పరీక్షో పాపో మేలు.

రైల్వే_న్యూకాలనీ
ఇంత తలనొప్పి ఎందుకండీ. పిల్లలు పుట్టాక గర్భసంచి తీయించేస్తే పై క్యాన్సరూ ఉండదు, కింద క్యాన్సరూ ఉండదు. మా ఇంట్లో 36కే తీయించాం. తెల్లబట్ట అవుతోందని వెళితే డాక్టరే చెప్పారు.

అగ్గిపువ్వు
ఈ సలహా చదివి నా ఒళ్ళు మండుతోంది. 36 ఏళ్ళ మనిషికి తెల్లబట్టకి గర్భసంచి తీసేస్తారా? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే మన ఆంధ్రలో 8.9. అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందు. మా అక్కకి 34కి తీశారు, అండాశయాలు కూడా కలిపి. నలభైకే మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతోంది. రాత్రిళ్ళు వేడి సెగలకి బయట వరండాలో పడుకుంటుంది. అడిగినవాడు లేడు.

రైల్వే_న్యూకాలనీ
నేను చెడ్డగా చెప్పలేదమ్మా. మా ఆవిడ బాగానే ఉంది. డాక్టరు చెప్పింది విన్నాం, అంతే.

అగ్గిపువ్వు
మీ మీద కోపం కాదండీ అన్నయ్యా. తెల్లబట్ట అని వెళ్ళిన మనిషికి మందులిచ్చి, పాప్ తీసి, అప్పటికీ తగ్గకపోతే ఆలోచించాలి. ఆ వరస మన దగ్గర జరగడం లేదు. మీ ఆవిడకి పరీక్ష చేశారా, నేరుగా ఆపరేషనేనా?

రైల్వే_న్యూకాలనీ
స్కాన్ తీశారు. ఇంకేం తీసినట్టు గుర్తు లేదు. ఇప్పుడు ఏమైనా చేయించాలా?

వార్డు_రౌండ్స్
డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు వెతకండి. ముఖద్వారంతో సహా మొత్తం తీసి, రిపోర్టులో తేడా ఏమీ లేకపోతే ఇంక పాప్ అక్కర్లేదు. కొందరికి పైసంచి మాత్రమే తీసి ముఖద్వారం ఉంచుతారు. అలా అయితే పరీక్షలు మామూలుగానే కొనసాగించాలి.

ఉక్కునగరం_సెక్టార్
మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ అయ్యాక టామాక్సిఫెన్ ఐదేళ్ళు వాడమన్నారు. ఆ మందుకి గర్భసంచి లోపలి పొర పెరగొచ్చట. మొదటి రోజే ఆంకాలజిస్టు చెప్పారట, "ఎప్పుడైనా ఒక్క చుక్క రక్తం కనిపించినా మర్నాడే రా" అని. మూడో ఏడు కనిపించింది. అమ్మ ఆ మాట గుర్తుపెట్టుకుని నాన్నని లేపి మరీ వెళ్ళింది. పాలిప్ (లోపలి పొర మీద చిన్న కండ) వచ్చింది, క్యాన్సర్ కాదు. ముందే చెప్పిన డాక్టరుకి ఇప్పటికీ ఏటా మామిడికాయలు పంపుతుంది.

ఎంవీపీ_డబుల్‌రోడ్
నాకు 36, పిల్లలున్నారు, నెలసరి సరిగ్గానే వస్తుంది. పోయిన వారం స్కాన్‌లో ఎండోమెట్రియం 11 ఎంఎం అని రాశారు. పైన 17 చదివి చేతులు చల్లబడిపోయాయి. గూగుల్లో 4 దాటకూడదని ఉంది!!

వార్డు_రౌండ్స్
ఆ 4 ఎంఎం లెక్క నెలసరి ఆగిపోయి రక్తం కనిపించినవాళ్ళకి. మీకు కాదు. నెలసరి వచ్చే వారం ముందు 11 మామూలే, అంతకంటే కూడా ఉంటుంది. నెలసరి క్రమంగా వస్తోంది, మధ్యలో రక్తం లేదు అంటే హాయిగా పడుకోండి.

మీ వయసులో నేను భయపడేది పీసీఓడీ ఉండి మూడేసి నెలలు, ఆరేసి నెలలు నెలసరి రానివాళ్ళ గురించి. "రాకపోతే హాయే" అనుకుంటారు. పొర రాలకుండా పెరుగుతూ పోతుంది, ఈస్ట్రోజన్ ఒక్కటే దాన్ని పెంచుతూ ఉంటుంది, ఆపే ప్రొజెస్టిరాన్ ఉండదు. ఒంట్లో కొవ్వు ఎక్కువైనా అంతే, ఎందుకంటే కొవ్వు కూడా ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. అలాంటివాళ్ళు నెలసరి తెప్పించే మందు వాడాలి.

ఎంవీపీ_డబుల్‌రోడ్
బతికించారు. మా చెల్లికి ఉంది పీసీఓడీ, ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.

పూర్ణామార్కెట్_వీధి
మా మేనత్త పెళ్ళి చేసుకోలేదు. టీచరుగా రిటైరైంది. 62లో రక్తం కనిపిస్తే "మీకు పెళ్ళి కాలేదు కదా, మీకు ఆ క్యాన్సర్ రాదులెండి" అన్నారట ఒకచోట. ఆవిడ సిగ్గుతో మళ్ళీ ఎక్కడా నోరు విప్పలేదు. వాసన రావడం మొదలయ్యాక మా అమ్మ పట్టుకుంది.

నేను అడిగేది ఏంటంటే, పెళ్ళి కానివాళ్ళకి రానిది కింద క్యాన్సర్ కదా? పైది వస్తుంది కదా?

వార్డు_రౌండ్స్
ముఖద్వారానిది చాలా అరుదు, ఎందుకంటే వైరస్ కలయిక వల్ల అంటుకుంటుంది. లోపలి పొర క్యాన్సర్ మాత్రం పిల్లలు పుట్టనివాళ్ళకే ఎక్కువ. మీ మేనత్తకి చెప్పింది పూర్తిగా తలకిందుల మాట. కింది నుంచి స్కాన్ ఇష్టం లేకపోతే పొట్ట మీంచి తీస్తాం, ముక్క మత్తిచ్చి తీస్తాం. దారులు ఉన్నాయి. ఆవిడ ఎలా ఉన్నారు?

పూర్ణామార్కెట్_వీధి
పోయి నాలుగేళ్ళు.

అగ్గిపువ్వు
ఇలాంటి మేనత్తలు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఎవరూ అడగరు వాళ్ళని. ఈ రాత్రే మా పెద్దత్తకి ఫోన్ చేసి అడుగుతాను, తిట్టినా సరే.

కంచరపాలెం_కుర్రాడు
మగవాళ్ళం అడగొచ్చా? మా అమ్మని ఎలా అడగాలో తెలియట్లేదు. ఇంట్లో నేనూ అమ్మే.

భీమిలి_దొడ్డమ్మ
అడగరా బాబూ. "అమ్మా, నెలసరి పోయాక ఎప్పుడైనా రక్తం కనిపించిందా" అని అడుగు. అమ్మకి నువ్వు గాక ఎవులున్నారు? సిగ్గు తర్వాత చూసుకుందువుగాని. కాదంటే నా నంబరు పంపుతాను, నాను మాటాడతాను.

కంచరపాలెం_కుర్రాడు
మీరు పీహెచ్‌సీలో మైకు పట్టుకుంటే భీమిలి నుంచి తగరపువలస దాకా క్యూ కడతారు దొడ్డమ్మా.

గాజువాక_కోడలు
మీ అందరి పోస్టులూ మా ఆయన చేత అత్తయ్యకి చదివించాను. 95 అన్న చోట మళ్ళీ చదవమంది. తర్వాత "పరీక్షలు చేయించుకుంటానులే" అంది.

ఇంకా రెండు అడగాలి. పాప్ నార్మల్ వచ్చింది కాబట్టి ముఖద్వారం వరకు దిగలేదని అనుకోవచ్చా? చిన్న కన్నాలతో ఆపరేషన్ చేస్తామంటున్నారు, దొడ్డమ్మగారు చెప్పింది చదివాక భయంగా ఉంది.

వార్డు_రౌండ్స్
మొదటిది: అనుకోలేం. పాప్‌లో క్యాన్సర్ కణాలు కనిపించి ఉంటే ముఖద్వారం దాకా వచ్చిందేమో, రకం మొండిదేమో అని అనుమానం పెంచుకునేవాళ్ళం. నార్మల్ రావడం అటూ ఇటూ ఏమీ చెప్పదు, పైగా అది పోయిన ఏడాదిది. ఎమ్మారైలో "సర్వైకల్ స్ట్రోమా" (ముఖద్వారం లోపలి కణజాలం) అన్న వాక్యం ఏముందో చూడండి.

రెండోది: ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కి కన్నాల ఆపరేషన్ మంచిదే. సంచిని తురమరు, మొత్తంగా కిందినుంచి బయటికి తీస్తారు. ముఖద్వార క్యాన్సర్‌కి మాత్రం 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో పొట్ట తెరిచి చేసిందే మెరుగని తేలింది. రెండు రోగాలూ పక్కపక్కనే ఉన్నా వైద్యం వేరు. సెంటినల్ నోడ్ చూస్తారా అని అడగండి. ఆకుపచ్చ రంగు ఇచ్చి మొదటి గ్రంథిని మాత్రమే తీసి చూసే పద్ధతి. అన్నీ తీస్తే కొందరికి కాళ్ళ వాపు వస్తుంది.

మీ అత్తగారి పుట్టింట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ గానీ, గర్భసంచి క్యాన్సర్ గానీ ఉందా? చిన్న వయసులో?

గాజువాక_కోడలు
ఆవిడ తమ్ముడు పెద్దపేగు క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి 44 ఏళ్ళు. వాళ్ళ అమ్మగారు కూడా "కడుపులో గడ్డ"తో పోయారంటారు, ఏమిటో ఎవరికీ తెలియదు. దీనికీ దానికీ సంబంధం ఉందా?

వార్డు_రౌండ్స్
ఉండొచ్చు. లించ్ సిండ్రోమ్ అని వంశంలో నడిచే లోపం ఒకటుంది, అది ఉన్న కుటుంబాల్లో పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు చిన్న వయసులోనే వస్తాయి. బయాప్సీ బ్లాకు (తీసిన ముక్కని మైనంలో నిలవ చేసిన దిమ్మ) మీదే ఎంఎంఆర్ ఐహెచ్‌సీ అని నాలుగు ప్రొటీన్ల పరీక్ష చేస్తారు. తేడా వస్తే తర్వాత రక్తంతో జన్యు పరీక్ష.

మీ ఆడపడుచుకీ మీ ఆయనకీ ఇది అవసరమైన సంగతి. అమ్మకి లోపం ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగం. ముందే తెలిస్తే పేగుకి కొలనోస్కోపీ (కెమేరా గొట్టంతో పరీక్ష), గర్భసంచికి ఎప్పటికప్పుడు పరీక్షలు పెట్టుకుని కాపాడుకోవచ్చు.

గాజువాక_కోడలు
ఆవిడకి 38. ఇద్దరు పిల్లలు. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్తాను. ఆవిడ నన్నన్న మాటలు పక్కన పెట్టేశాను.

సింహాచలం_మెట్లు
మంచి మనసమ్మా నీది.

గాజు_పలక
వెళ్ళేముందు ఒక పని. బయాప్సీ చేసిన ల్యాబులో అడిగి స్లైడ్లూ, పారఫిన్ బ్లాకూ రెండూ తీసుకోండి. చాలామంది రిపోర్టు కాగితమే పట్టుకెళ్తారు. బ్లాకు లేకపోతే ఐహెచ్‌సీ కుదరదు, కొత్తగా ముక్క తియ్యాల్సి వస్తుంది. సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఎండ తగిలే బండి డిక్కీలో పెట్టకండి, మైనం కరుగుతుంది. మీకు అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరే, అక్కడ చూపించినా, కేజీహెచ్‌లో చూపించినా పాత పాప్ రిపోర్టు, ఎమ్మారై సీడీ కూడా ఫైలులో ఉంచండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ముందే చూపించండి, అనుమతికి టైము పడుతుంది.

గాజువాక_కోడలు
బ్లాకు సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దున్న ల్యాబు తెరవగానే మా ఆయన వెళ్తారు. ఆధార్ ఒరిజినల్ అడుగుతారా, జిరాక్సు చాలా?

గాజు_పలక
జిరాక్సు చాలు, కానీ ఒరిజినల్ చేతిలో ఉంచుకోండి. బిల్లు రసీదు నంబరు కూడా. అది లేకపోతే వెతకడానికే సగం పూట పోతుంది.